రెండక్షరాల తేడా

బరనీకో ముసలాయనకి క్షయ తగ్గి నాలుగు నెలలైంది. తగ్గిందని ఒప్పుకోనిది మాత్రం ఆయన ఒక్కడే.

ఆరు నెలలు ఒక్క పూట తప్పకుండా మందు మింగాడు. కూతురు అరేటా రోజూ ఎదురుగా నిలబడి మింగించింది. ఊళ్ళో క్షయ ఉన్నవాళ్ళ చేత మందులు మింగించడం, వాళ్ళతో మసలినవాళ్ళ పేర్లు రాసుకుని పరీక్షకి లాక్కురావడం ఆమె ఉద్యోగం. తండ్రి కదా అని ఆమె ఒక్క బిళ్ళ తగ్గించలేదు, కూతురు కదా అని ఆయన ఒక్క తిట్టు తగ్గించలేదు. చివర్లో తెమడ మూడుసార్లు పరీక్ష చేస్తే మూడుసార్లూ ఏమీ కనపడలేదు. అక్కడితో అయిపోవలసిన కథే. కానీ ఆ మందులు ఇంకో నెలలో అయిపోతాయనగా అరేటా కూతురు, ఐదేళ్ళ రిబాకి, మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ లేచింది. సూది పెట్టి తీసి చూస్తే అదీ క్షయే.

ఆ రోజే ముసలాయన చాప, దిండు, రేడియో చంకన పెట్టుకుని ఇంట్లోంచి బయటపడ్డాడు. దీవి ఒంపులో అలలు లేకుండా ఉండే లోసముద్రం ఒడ్డున, నీళ్ళ మీదికి గుంజలు పాతి కట్టిన చిన్న గుడిసెలో మకాం పెట్టాడు. ఇరవయ్యారేళ్ళు పరదేశీ సరుకు ఓడల్లో సరంగుగా చేసినవాడు. "ఓడల్లోంచి తెచ్చింది నేను. పిల్లకి అంటించింది నేను" అని ఎవరూ అడక్కుండానే ఊరంతటికీ చెప్పాడు. ఊరు కూడా మహా సంతోషంగా ఒప్పేసుకుంది. జబ్బు దూరం నుంచి వచ్చిందంటే ఎవరికైనా హాయిగానే ఉంటుంది మరి.

అందరికన్నా గట్టిగా ఒప్పుకున్నది ఆయన భార్య ఎరితబేతా. "ప్రతి మొగుడూ ఓడ దిగితే గడియారం తెస్తాడు, గుడ్డలు తెస్తాడు. నా మొగుడు చూడండమ్మా, దగ్గు తెచ్చాడు" అని దారినపోయే వాళ్ళని ఆపి మరీ చెప్పేది. చెప్పి, పొద్దునా సాయంత్రం గుడిసె దాకా వెళ్ళి, చేపల కూర గిన్నె మెట్టు మీద పెట్టి, "తిని చావు" అని వచ్చేది. ఆ కూరలో ముళ్ళు ఒక్కటీ ఉండేవి కావు, అన్నీ ఏరేసేది.

ఈ మంగళవారం ముసలాయన కొత్త మాట ఎత్తాడు. మందు సంచీ భుజాన వేసుకుని దారిన పోతున్న అరేటాని కేకేసి పిలిచాడు.

"శనివారం పడవలో ఒనోతోవా దీవికి పోతన్నాను. తమ్ముడి దగ్గరే ఉండిపోతాను."

"ఎన్నాళ్ళు నాన్నా?"

"ఉండిపోతానంటే ఎన్నాళ్ళు అంటావేంటే? ఉండిపోవడమే."

"జబ్బు తగ్గిపోయిందని నీకు ఎన్నిసార్లు చెప్పాలి? నీ తెమడలో ఏమీ లేదు. ఇంక ఎవరికీ అంటదు."

"నువ్వు నా కూతురివి. డాక్టరు నీ స్నేహితురాలు. మీరు అలాగే చెప్తారు." ఆయన మొహం నీళ్ళ వైపు తిప్పుకున్నాడు. "అదిగో, వచ్చింది చూడు రాకాసి. వెనక్కి పంపెయ్."

రిబా ఇసకలో పరుగెత్తుకొస్తోంది. గుడిసెకి ఇరవై అడుగుల దూరంలో ఆయన అడ్డంగా పడేసిన కొబ్బరి మొద్దు దగ్గర తనంతట తనే ఆగిపోయింది. ఐదు నెలల అలవాటు. మొద్దు మీదెక్కి నిలబడి, "తాతా, ఇవాళ ఏ ఊరు చెప్తావు?" అని అరిచింది. ఆయన చూసిన రేవుల కథలు రోజుకొకటి ఆ పిల్లకి బాకీ.

"ఊళ్ళు అయిపోయినై. ఇంటికి పో."

"ప్రపంచంలో ఊళ్ళు ఎలా అయిపోతాయి? అబద్ధాల తాత!"

ముసలాయన నవ్వబోయి, తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని గుడిసెలోకి వెళ్ళిపోయాడు. అరేటాకి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక, పిల్ల రెక్క పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. దారి పొడుగునా పిల్ల ఏడ్చింది, ఆమె ఊరుకోబెట్టలేదు. తనకీ ఏడుపు వస్తూనే ఉంది.

బుధవారం పొద్దున్న ఆసుపత్రి నుంచి కబురు. పరీక్షల గదిలో పనిచేసే ఇయోబా, మనిషి బొద్దుగా, ఎప్పుడూ ఏదో నములుతూ ఉంటాడు, ఆమెని చూడగానే నమలడం ఆపేశాడు.

"ఆస్ట్రేలియా నుంచి జన్యు పరీక్షలు వచ్చినాయక్కా. కిందటేడు నుంచి పంపినవన్నీ ఒకేసారి. మీ నాన్నదీ, మీ పాపదీ ఉన్నాయి."

"చెప్పు."

"ముందు కూర్చో."

"చెప్పరా బాబూ, చంపకు."

ఇయోబా కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు. క్షయ క్రిమి ఒంట్లో నలభై నాలుగు లక్షల అక్షరాల రాత ఉంటుందని అరేటాకి తెలుసు. ఒకరి నుంచి ఒకరికి పోయే కొద్దీ, ఏళ్ళు గడిచే కొద్దీ, ఆ రాతలో ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది. ఇద్దరి రాతలు పక్కపక్కన పెట్టి తప్పులు లెక్కపెడితే ఆ రెండు క్రిములూ ఎంత దగ్గర చుట్టాలో తెలిసిపోతుంది. మనుషులు చుట్టరికాలు దాచుకుంటారు గాని, క్రిములకి ఆ తెలివి లేదు.

"మీ నాన్న క్రిమి ఓడదే," అన్నాడు ఇయోబా. "దాని చుట్టాలు మనీలాలో ఉన్నారు, ఇంకా నాలుగైదు రేవుల్లో ఉన్నారు. మన దీవుల్లో దానికి నా అనేవాళ్ళు లేరు."

అరేటా తెర మీదికి వంగింది. "అయితే పాపది..."

"పాపది అది కాదక్కా! వెయ్యి అక్షరాల పైన తేడా. అసలు వేరే వంశం. పాపది మన దీవుల క్రిమే. వందేళ్ళ నుంచి ఇక్కడ తిరుగుతోంది. అదీ అప్పట్లో ఏ తిమింగలాల వేట ఓడలోనో దిగిందంటున్నారనుకో. ఓడ ఎక్కకుండా మన దగ్గరికి వచ్చిన జబ్బేదీ లేదు. కాకపోతే కొన్ని ముందొచ్చి స్థలం పట్టాయి, మనలాగే." తన హాస్యానికి తనే నవ్వి, మళ్ళీ వేలు పెట్టి చూపించాడు. "పాప దానికి రెండే రెండక్షరాల తేడాలో ఇంకొకరున్నారు. ఈ ఏడాది రెండేళ్ళ లోపల ఆ మనిషి నుంచే వచ్చుండాలి. నూట పదిహేడో నంబరు."

నంబర్లు వేసేది అరేటానే. నూట పదిహేడు ఎవరో పుస్తకం తెరవకుండానే ఆమెకి తెలుసు. కబురోరో.

కబురోరో వాళ్ళ ఊరావిడే. అరవై మూడేళ్ళు, విధవరాలు, మంచి మాటకారి. అయితే వీళ్ళ కుటుంబానికీ వాళ్ళ కుటుంబానికీ మాటల్లేవు. ముప్పై ఏళ్ళ కిందట ఒక చేమదుంపల గుంట ఎవరి తాత తవ్వాడన్న దాని మీద పోట్లాట వచ్చింది. ఆ గుంటలోకి ఉప్పునీరు ఊరి చేమమొక్క బతికి పదేళ్ళైంది. పోట్లాట మాత్రం ఎండకుండా ఏపుగా ఉంది. ఊరి సభా మండపంలో వీళ్ళు తూర్పు వైపు దూలం కింద కూర్చుంటే, వాళ్ళు సరిగ్గా ఎదురుగా పడమటి దూలం కింద కూర్చుంటారు. తాత కూర్చున్న చోటే మనవడూ కూర్చోవాలి, ఇంకొకరి చోట అడుగు పెట్టకూడదు. ముప్పై ఏళ్ళుగా ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు చూడకుండా ఉండటం కూడా ఒక విద్యే.

అరేటా ఆఫీసు గదిలోకి వెళ్ళి కబురోరో కాగితం తీసింది. "ఈ మధ్య ఎవరెవరితో కలిసి కూర్చున్నారు?" అని తనే అడిగి, తనే రాసుకున్న జాబితా. ముప్పై నాలుగు పేర్లు. అప్పుడెంతో ముచ్చటేసింది, ఇంత వివరంగా ఎవరూ చెప్పరని. ఇప్పుడు చదువుతుంటే మొహం వేడెక్కింది. పేర్లన్నీ మండపంలో కూర్చునే వరసలో ఉన్నాయి. పెదనాన్న కొడుకు, ఆయన భార్య, ఆ పక్కన మేనత్త... ఏ చుట్టం పేరు వదిలేస్తే ఆ చుట్టానికి కోపం, బయటివాళ్ళ పేరు చెప్తే తమవాళ్ళకి తలవంపులు. అందుకని ఎవరితో కూర్చున్నావంటే ఎవరితో కూర్చోవాలో ఆ పేర్లు చెప్పింది మహాతల్లి. పదకొండో పేరు ఆవిడ బావగారిది. ఆయన పోయి రెండేళ్ళైంది. చోటు ఇంకా ఆయనదే కాబట్టి రాయించింది. ఆ వరసలో పుట్టి పెరిగిన అరేటా, చచ్చినాయన పేరు కూడా అందంగా రాసుకుని కింద గీత గీసింది.

ఆస్ట్రేలియా వాళ్ళు ఆ జాబితా చూసి మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు కూడాను.

ఇంటికి వెళ్ళకుండా నేరుగా గుడిసెకే వెళ్ళింది. మొద్దు దాటి, మెట్లెక్కి, తండ్రి ముందు కూర్చుంది.

"నాన్నా, పిల్లకి జబ్బు నీ వల్ల రాలేదు. రుజువు వచ్చింది. నీది వేరు, దానిది వేరు. దానిది ఇక్కడిదే."

 వల చిక్కు విప్పుతున్న ముసలాయన చేతులు ఆగిపోయాయి. "ఇక్కడ ఎవరిది?"

"అది చెప్పకూడదు. ఉద్యోగంలో చేరినప్పుడు ఒట్టు పెట్టించుకున్నారు. ఒకరి రోగం సంగతి ఇంకొకరికి చెప్పకూడదు."

"ఓహో." ఆయన మళ్ళీ వల అందుకున్నాడు. గొంతులో కోపం లేదు, అదే ఆమెని చంపింది. "చిన్నప్పుడు నీ కుక్కపిల్ల పోతే, సముద్రం అవతల మంచి ఇంట్లో ఉందని చెప్పాను. నువ్వు నమ్మినట్టు నటించావు. గుర్తుందా? ఇప్పుడు నా వంతు అనుకుంటున్నావు. పేరు లేని మనిషి ఎక్కడుంటాడే పిచ్చిదానా? పిల్ల నా ఒళ్ళో తప్ప ఇంకెవరి ఒళ్ళో పెరిగింది?"

"ఒట్టు నాన్నా, నిజం."

"మంచిదానివమ్మా. శనివారం పడవ ఎన్నింటికో కనుక్కో."

అరేటా మెట్లు దిగింది. పేరు ఒక్కటి చెబితే తండ్రి ఆగుతాడు. చెబితే రేపటి నుంచి ఊళ్ళో ఒక్క రోగి కూడా తన ముందు నోరు విప్పడు.  ఆ రాత్రంతా తండ్రి అడిగిన ఆఖరి ప్రశ్న చెవిలో ఉండిపోయింది. నిజమే, పిల్ల తాత ఒళ్ళో కాకుండా ఇంకెక్కడ పెరిగింది? తను పొద్దున్న వెళితే సాయంత్రం వస్తుంది. భర్త న్యూజీలాండ్ ఆపిల్ తోటల్లో పనికి పోయాడు. పగలంతా పిల్ల అమ్మమ్మ కొంగు పట్టుకునే తిరుగుతుంది.

గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చింది. ఎరితబేతా వరండాలో కూర్చుని మొగలాకు చాప అల్లుతోంది. భర్తతో ఒనోతోవాకి పంపడానికి. అల్లిక చాలా బిగువుగా ఉంది.

"అమ్మా, ఇదివరకు మధ్యాహ్నాలు రిబాని తీసుకుని ఎక్కడికి వెళ్ళేదానివి?"

"ఎక్కడికే? చర్చి ఆడవాళ్ళతో చాపలు అల్లడానికి."

"అది మంగళవారం ఒక్కరోజే కదా."

"నన్ను విచారించడానికి వచ్చావా? నేనేమన్నా నీ రోగినా?"

"ఎక్కడన్నా తలుపులు మూసిన గదిలో కూర్చునేవాళ్ళా? మన ఇళ్ళకి గోడలే ఉండవు, గాలి కొడుతూ ఉంటే ఆ క్రిమి నిలవదు. తలుపు వేసి, కిటికీ వేసి, గంటలు గంటలు కూర్చుంటేనే పట్టుకుంటుంది. అలాంటి గది ఏదన్నా..."

ఎరితబేతా చేతులు ఆగిపోయాయి.  ఎక్కడో చూస్తూ, తనలో తను అనుకున్నట్టు మెల్లగా అంది:

"అందుకా తలుపు తియ్యడం మానేసింది..."

"ఎవరమ్మా?"

"ఎవరూ కాదు."

"నేను ఏ పేరూ అడగను. నువ్వు చెప్పినా విన్నానని అనను. నేను చెప్పలేను కూడా." అరేటా తల్లి మోకాలి మీద చెయ్యి వేసింది. "కానీ అమ్మా, ఎల్లుండి ఆయన పడవెక్కుతాడు. ఎక్కితే ఇంక రాడు. చేతులారా పిల్లని చంపబోయానని అనుకుంటూ అక్కడ పోతాడు. చెప్పగలిగినవాళ్ళు ఎవరన్నా ఉంటే వాళ్ళే చెప్పాలి."

"పో, పని చూసుకో," అంది ఎరితబేతా. అప్పటిదాకా అల్లిన రెండు వరసలు విప్పేసి మళ్ళీ మొదలుపెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం మండపంలో వీడ్కోలు విందు. ఊరు విడిచిపోయేవాడికి ఊరు అన్నం పెట్టి పంపుతుంది, అది జబ్బు మనిషైనా సరే. సీమపనసకాయలు కాల్చారు, చేపలు వేయించారు, పెద్ద తపేలాలతో అన్నం వార్చారు. ఎవరి దూలం కింద వాళ్ళు చాపల మీద కూర్చున్నారు. బరనీకో మాత్రం చూరు బయట, ఇసకలో కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. రిబా లేచి పరుగెత్తకుండా అరేటా ఒళ్ళో బిగించి పట్టుకుంది.

సభ నడిపే పెద్దాయన లేచి, బరనీకో వెళ్ళిన సముద్రాల గురించి, తమ్ముడి మంచితనం గురించి నాలుగు మాటలు చెప్పి, "ఆయన్ని పంపే ముందు ఎవరన్నా మాట్లాడేదుందా?" అని ఆనవాయితీగా అడిగాడు. ఆ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పరు. అడిగి, రెండు క్షణాలాగి, అన్నం వైపు చూడటమే మర్యాద.

ఎరితబేతా లేచి నిలబడింది.

"నాకుంది," అంది.  "నా మొగుడు పిల్లకి జబ్బు అంటించాడని ఐదు నెలల నుంచి మీ అందరికీ చెప్పాను. తప్పు. అంటించింది ఆయన కాదు. నేను. పిల్లని మధ్యాహ్నాలు ఒక గదిలోకి తీసుకెళ్ళేదాన్ని. మీ కళ్ళ పడకూడదని తలుపు వేసుకునేదాన్ని, కిటికీకి దుప్పటి కట్టేదాన్ని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ముప్పై ఏళ్ళు వెళ్ళాను. జబ్బు అక్కడ పట్టింది. ఎవరి గది అని అడక్కండి. చెప్పను. కొట్టినా చెప్పను."

మండపంలో చిన్న పిల్లలు కూడా నమలడం మానేశారు. ఎరితబేతా పడమటి వైపు చూడలేదు. అంత జాగ్రత్తగా చూడకుండా ఉండటం అరేటా గమనించింది.

"ఆ పేరెందుకే మింగుతావు, బేతా?"

పడమటి దూలం కింద కబురోరో లేచింది. ఒక చెయ్యి స్తంభానికి ఆన్చుకుంది.

"గది నాది. దగ్గు కూడా నాదే. ఐదు నెలల కిందట తెలిసింది నాకు. తెలిసిన రోజు నుంచి ఇది తలుపు కొడుతుంటే లోపల నోరు మూసుకుని కూర్చున్నాను, దీనికి అంటకూడదని. అప్పటికే పసిదానికి నా దగ్గే అంటిందని తెలీదు నాకు, అది ఓడ జబ్బేనని మీ అందరితో పాటు నేనూ నమ్మాను. పక్కపక్కన ఆడుకుని పెరిగాం మేము. మీరు మీ గుంట కోసం కొట్టుకుంటే మధ్యలో మేమెందుకు మానుకోవాలి? మానుకోలేదు. అంతే."

ఆమె అన్నదమ్ముల మొహాలు మాడిపోయాయి. తూర్పు వైపు మొహాలూ అంతకన్నా బాగా లేవు. ఎరితబేతా అవేవీ చూడలేదు. అన్నం గిన్నెల మధ్యగా, పెద్దలు కూర్చున్న నడి మండపం దాటుకుంటూ, ఎవరూ దాటని చోట గబగబా నడిచి వెళ్ళి, పడమటి చాప మీద కబురోరో పక్కన కూలబడింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టారు.

"దరిద్రపుదానా, ఒక్క ముక్క చెప్పొద్దూ! నేనేదో తప్పు చేశాననుకుని చచ్చాను."

"చెబితే లోపలికి వచ్చేదానివి. నువ్వు ఆగే మనిషివా?"

సభ నడిపే పెద్దాయన ఒకసారి తూర్పుకి, ఒకసారి పడమరకి చూసి, "ఇప్పుడు వరస ఎక్కణ్ణించి మొదలుపెట్టి వడ్డించమంటారు?" అన్నాడు. ఎవరో నవ్వారు. నవ్వకూడదనుకుని ఇంకో నలుగురు నవ్వారు.

అరేటా లేచింది. "తప్పు నాది కూడా ఉంది. ఎవరితో కూర్చుంటారని అడిగాను, మీరు మండపం వరస చెప్పారు, నేను రాసుకున్నాను. ఇంకోసారి వస్తాను. ఈసారి ఎవరితో నవ్వుతారో చెప్పండి. కాగితం మీద రాస్తాను గాని ఎవరికీ చూపించను."

అందరి తలలూ చూరు బయటికి తిరిగాయి. బరనీకో ఇసకలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. 

"ఐదు నెలలు తిట్టావు నన్ను," అన్నాడు భార్యతో.

"తిట్టాను."

"ఓడల్లో పాతికేళ్ళు ఉన్నా ఎవడూ అంత గట్టిగా తిట్టలేదే."

ఎరితబేతా కళ్ళు తుడుచుకుంది. "పిల్ల మెడ మీద గడ్డ చూస్తే భయమేసేది. ఎవరినో ఒకర్ని అనాలి. నువ్వైతే పడతావని."

ముసలాయన తల దించుకున్నాడు. అరేటా చేతులు సడలాయో, సడలించిందో, రిబా జారిపోయి తిన్నగా చూరు కిందనుంచి దూరి వెళ్ళి తాత ఒళ్ళో కూర్చుంది. ఐదు నెలల తర్వాత మొదటిసారి.

ఆయన రెండు చేతులూ గాలిలో ఉండిపోయాయి. నోరు గట్టిగా మూసుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు పొంగాయి, మొహం ఎర్రబడింది. ఏమైందో అరేటాకి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆయన ఊపిరి బిగబట్టాడు. రుజువులు విన్నాడు, నమ్మాడు, అయినా ఆ ఛాతీకి ధైర్యం చాలలేదు.

రిబా వెనక్కి తిరిగి ఆయన మొహంలోకి చూసింది. ఉబ్బిన బుగ్గల మీద రెండు అరచేతులూ పెట్టింది.

"వదులు తాతా," అంది. "నా మీదే వదులు."

ఆయన వదిలాడు. పిల్ల నుదుటి మీది జుట్టు ఎగిరి పక్కకి పడింది.